వేళ తప్పిన డబ్బు



మా కాలేజీ మాస్టారి పేరిట ఈ స్మారకోపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నాకు ఒకే షరతు పెట్టారు: "అర్థశాస్త్రం గురించే మాట్లాడండి, కానీ జనాన్ని నిద్రపుచ్చకండి" అని. మాస్టారు ఉండి ఉంటే ఈ రెండూ ఒకేసారి కుదిరే పని కాదనేవారు. ప్రయత్నిస్తాను.

మాస్టారి దగ్గర చదువుకున్న మాకు ఆయన పాఠాలకంటే ఆయన బీరువా బాగా గుర్తు. అందులో లావుపాటి పుస్తకాల వెనకాల ఒక ఖాకీ కవరు ఉండేది. అందులో ఉన్న డబ్బు మా కాలేజీ అటెండరుది. ప్రతి నెలా జీతం అందిన సాయంత్రం అతను స్టాఫ్ రూముకు వచ్చి, యాభయ్యో అరవయ్యో మాస్టారి చేతిలో పెట్టి, "నేనడిగినా ఇవ్వకండి మాస్టారూ" అని చెప్పి వెళ్ళేవాడు. పదిహేనో తారీఖు దాటగానే అతనే వచ్చి అడిగేవాడు. మాస్టారు ఇచ్చేవారు కాదు. అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయేవాడు. ఒకసారి మాత్రం, వానాకాలంలో, కూతురికి జ్వరం దిగడం లేదని వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే, మాస్టారు పాఠం ఆపేసి బీరువా తీశారు. కాలేజీ గేటుకు ఎదురుగా బ్యాంకు ఉండేది. ఆ అటెండరు అందులోకి వెళ్ళింది కాలేజీ చలాన్లు కట్టడానికి మాత్రమే.

వడ్డీ లేని, రసీదు లేని ఆ కవరు అప్పట్లో నాకు అమాయకత్వంలా కనిపించింది. చాలా ఏళ్ళ తర్వాత ఉద్యోగరీత్యా తూర్పు ఆఫ్రికాలో కొంతకాలం ఉన్నాను. అక్కడ పేదల ఇళ్ళలో ఆ కవరే రకరకాల రూపాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా దాని గురించే.

నైరోబీలో నేను అద్దెకున్న వీధి చివర ఒక కూరగాయల కొట్టు ఉండేది. కొట్టంటే నాలుగు గుంజలు, పైన రేకు. కూరగాయలమ్మే ఆడవాళ్ళను అక్కడ 'మామా ఎంబోగా' అంటారు, కూరలమ్మ అన్నమాట. సాయంత్రం ఐదు దాటితే ఆ కొట్టు కూరలమ్మ చెయ్యి ఆగేది కాదు. ఆకుల కట్టను ఎడమ చేత్తో చుట్టలా చుట్టి పట్టుకుని, కుడి చేతి కత్తితో దారాల్లా తరిగి సంచిలో వేసేది. ఆ ఆకుకూర పేరు 'సుకుమా వికీ'. స్వాహిలీలో దానికి వారాన్ని నెట్టుకు రావడం అని అర్థం. జీతం అందేదాకా రోజులు గడిపే కూర కనుక ఆ పేరు. పక్క కొట్టువాడు వంటనూనెను చిన్న చిన్న కొలతల్లో పోసి అమ్మేవాడు, పంచదార పిడికెడు పొట్లాలు కట్టేవాడు. ఈ చిల్లర బేరాలకు అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు 'కడోగో', అంటే చిన్నది అని. కిలో లెక్కన చూస్తే పేదవాడే ఎక్కువ ధర ఇస్తున్నట్టు. ఆ సంగతి అతనికి తెలియక కాదు. కిలోకు సరిపడా డబ్బు ఒక్కసారిగా ఒక్క రోజున చేతిలో ఉండదు, అంతే.

ఆ కూరలమ్మను డబ్బు గురించి అడగడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఎదుటి మనిషి దగ్గర ఎంతుందని అడగడం అక్కడా మర్యాద కాదు. నెమ్మదిగా ఆమే చెప్పింది. నడుముకు కట్టుకున్న గుడ్డకు రెండు జేబులు. ఒకదాంట్లో రేపు తెల్లారుజామున టోకు మార్కెట్లో సరుకు కొనడానికి కావలసిన డబ్బు. పిల్లవాడు బిస్కెట్టుకు ఏడ్చినా ఆ జేబులోకి చెయ్యి పోదు. రెండోది ఇంటి ఖర్చుకు. టమాటాలు టోకున అమ్మే ఆసామి దగ్గర రెండు రోజుల అరువు. ఆమె దగ్గర అరువు పెట్టే ఖాతాదారులు ఏడెనిమిది మంది, అందులో నేనూ ఒకణ్ణి. ఊళ్ళో ఉన్న అక్కకు చేబదులు ఇచ్చింది, రావాలి. ఇంట్లో మంచం కింద ఒక డబ్బా. ఫోనులో కొంత. గురువారం 'చామా', అంటే మన చీటీలాంటి ఆడవాళ్ళ గుంపు. చర్చిలో ఇంకొక గుంపు, చావులకు. నేను వేళ్ళ మీద లెక్కపెడుతూ ఎనిమిది దగ్గర ఆగాను. చదువుకున్నవాణ్ణి కదా, "ఇన్ని ఎందుకు, అంతా ఫోనులో వేసుకోవచ్చుగా" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, "ఫోనులో డబ్బు అందరిదీ. చామాలో డబ్బు నాది" అంది.

ఆ మాట నాకు చాలా రోజుల తర్వాత గాని సరిగ్గా ఎక్కలేదు. ఫోనులో ఉన్న డబ్బును తమ్ముడు అడగవచ్చు, మేనత్త అడగవచ్చు, తన మనసే అడగవచ్చు. ఒక్క మీట నొక్కితే వెళ్ళిపోతుంది. చామాలో వేసిన డబ్బు గురించి ఎవరడిగినా "గురువారం కట్టేశాను, నా చేతిలో లేదు" అనవచ్చు. అబద్ధం ఆడకుండా కాదనడానికి ఆమె కొనుక్కున్న సౌకర్యం అది.

ఆమె ఒక్కతే ఇలా అనుకోకండి. దక్షిణాఫ్రికాలో 2003-04లో డారిల్ కాలిన్స్ అనే పరిశోధకురాలి బృందం కేప్‌టౌన్‌లోని లాంగా, జొహన్నెస్‌బర్గ్ దగ్గరి డీప్‌స్లూట్, ఈస్టర్న్ కేప్‌లోని లుగాంగేని పల్లె, ఈ మూడు చోట్ల ఇళ్ళకు ఏడాది పాటు పదిహేను రోజులకోసారి వెళ్ళి, వచ్చిన ప్రతి పైసా పోయిన ప్రతి పైసా రాసుకుంది. బంగ్లాదేశ్‌లో, ఉత్తర భారతంలో అంతకుముందు ఇలాగే రాసిన డైరీలతో కలిపి ఆ లెక్కలు 2009లో 'పోర్ట్‌ఫోలియోస్ ఆఫ్ ది పూర్' అనే పుస్తకంగా వచ్చింది. దక్షిణాఫ్రికా ఇళ్ళలో ఒక్కో కుటుంబం ఏడాదిలో సగటున పది రకాల పొదుపు, అప్పు, బీమా పద్ధతులు వాడింది. పదిట్లో ఎక్కువ భాగం ఏ బ్యాంకు పుస్తకంలోనూ కనిపించనివి. తర్వాత 2012-13లో కెన్యాలో దాదాపు 300 కుటుంబాల మీద ఇలాగే డైరీలు రాశారు. అక్కడ తేలిందేమిటంటే, ఒక నెల ఆదాయానికి మరుసటి నెల ఆదాయానికి మధ్య సగానికి సగం తేడా ఉండటం మామూలు.

రోజుకు రెండు డాలర్లతో బతికేవాళ్ళు అని మనం వ్యాసాలు రాస్తాం. ఆ రెండు డాలర్లు రోజూ రావు. ఒక రోజు ఆరు వస్తాయి, రెండు రోజులు ఏమీ రాదు. బడి ఫీజు మాత్రం ఒకే తారీఖున కట్టాలి. డబ్బు తక్కువ కావడం ఒక బాధ. వచ్చే వేళ, కావలసిన వేళ కలవకపోవడం ఇంకో బాధ. మొదటిదానికి కూలి రేట్లు, ధరలు, ప్రభుత్వాలు కారణం. దాని మీద ఆ కూరలమ్మకు పట్టు లేదు. రెండోదాని మీద కొంత ఉంది. ఆ కొంత కోసమే ఈ ఎనిమిది, పది దారులు.

దాచుకోవడానికి డబ్బు ఇచ్చుకునేవాళ్ళను మీరు చూశారా? ఘనాలో చూడవచ్చు. అక్రా మార్కెట్లలో 'సుసు' వసూలుదారు రోజూ పొద్దున అంగడి అంగడికీ తిరుగుతాడు. నెలంతా రోజుకు ఒకే మొత్తం ఇస్తారు. నెలాఖరున అంతా తిరిగి ఇచ్చేస్తాడు, ఒక్క రోజు మొత్తం మినహాయించుకుని. అది అతని కూలి. అంటే వడ్డీ అటునుంచి ఇటు రావలసింది పోయి ఇటునుంచి అటు పోతోంది. మాట కూడా పాతదే. నైజీరియా యొరూబాల 'ఎసుసు' నుంచి వచ్చిందంటారు. బానిసలుగా ఓడలెక్కించిన మనుషులతో పాటు ఆ పద్ధతి సముద్రం దాటింది. ట్రినిడాడ్‌లో ఈ నాటికీ చీటీని సుసు అనే అంటారు.

ఆఫ్రికావాళ్ళ అమాయకత్వం అని నవ్వబోయే ముందు విజయవాడ వెళ్ళి వద్దాం. స్టూవర్ట్ రూథర్‌ఫర్డ్ పేదల డబ్బు గురించి రాసిన చిన్న పుస్తకంలో మొదట్లోనే మన విజయవాడ పేటల్లో ఇల్లిల్లూ తిరిగి డబ్బు పోగుచేసే ఒక ఆవిడ కనిపిస్తుంది. ఆమె ఇచ్చే కార్డుకు 220 గళ్ళు. గడికి 5 రూపాయలు. అన్నీ నిండేసరికి 1,100. ఆవిడ తిరిగి ఇచ్చేది 1,000. ఏడాది లెక్కన వేస్తే దాచుకున్నందుకు దాదాపు 30 శాతం ఎదురు వడ్డీ. ఆ పేటల్లో ఆడవాళ్ళకు లెక్కలు రాకా? బ్యాంకు వాళ్ళ గుమ్మంలోకి రాదు. ఐదు రూపాయలు తీసుకోదు. "ఏమ్మా, నిన్న ఇవ్వలేదేం" అని అడగదు. వంద రూపాయలు ఆ అడిగినందుకు. అర్థశాస్త్రంలో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి గాని, "నేనడిగినా ఇవ్వకండి మాస్టారూ" అన్న ముక్క కంటే బాగా చెప్పినవాళ్ళు నాకు కనబడలేదు.

గుంపుల సంగతి చెప్పాలి. కెన్యాలో చామా, దక్షిణాఫ్రికాలో స్టాక్‌వెల్, ఇథియోపియాలో ఇక్కుబ్, కామెరూన్‌లో టాంటిన్. కామెరూన్‌లో మన చీటీపాటలాగే పాడుకునేవీ ఉన్నాయి. చాలా చోట్ల పాట ఉండదు, వరస ఉంటుంది. పన్నెండు మంది, పన్నెండు వారాలు, వారానికి ఒకరికి మొత్తం. నైరోబీ కూరలమ్మ చామాలో నేను చూసిన ఒక వాడుక చెబుతాను. ఆ గురువారం వంతు ఆమెది. కొట్టుకు కొత్త రేకు వేయించుకోవాలని మూడు నెలలుగా చెబుతోంది. ఇంకొకామె భర్త ఆసుపత్రిలో పడ్డాడు. డబ్బు ఇంకా చాప మీదే ఉంది. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. టీ తాగారు. మా కూరలమ్మ నోట్లు లెక్కపెట్టి ఆమె ఒళ్ళో పెట్టి, "నీ వంతు నాకివ్వు" అంది. అంతే. కాగితం లేదు, దరఖాస్తు లేదు. రేకు నవంబరుకు వాయిదా పడింది.

మామూలు రోజున కాదనాలి, కానిరోజున ఔననాలి. మాస్టారి కవరుకి ఉన్న గుణం ఇదే. ఈ చామాకూ ఇదే. పేదల డబ్బు కోసం ఎవరు ఏ పథకం పెట్టినా నేను ముందుగా అడిగేది ఈ రెండు పనులూ దానికి వచ్చా అనే.

చావు మాట కూడా ఇందులో వస్తుంది. దక్షిణాఫ్రికా పేదిళ్ళలో అంత్యక్రియల ఖర్చు నెలల తరబడి ఆదాయాన్ని మింగేస్తుంది. అందుకే ఒక్కో ఇల్లు రెండు మూడు శ్మశాన సంఘాల్లో చందా కడుతుంది. ఇథియోపియాలో 'ఇద్దిర్' ఇంకొంచెం ముందుకు పోయింది: సంఘానికి సొంత డేరాలు, బల్లలు, పెద్ద వంట గిన్నెలు ఉంటాయి. చావు కబురు అందగానే డబ్బుతో పాటు గిన్నెలూ మనుషులూ వస్తారు. ఏ బీమా కంపెనీ కడవ మోసుకుని రాదు కదా.

నైజర్ దేశంలో, మరాడీ ప్రాంతంలో, 1991లో కేర్ సంస్థ మొదలుపెట్టిన ఆడవాళ్ళ పొదుపు గుంపుల పేరు 'మాతా మాసు దుబారా'. మన చెవికి ఆ పేరు నవ్వు తెప్పిస్తుంది. హౌసా భాషలో మాత్రం ఉపాయం గల ఆడవాళ్ళు అని. ఒక ఇనప పెట్టె, మూడు తాళాలు, మూడు చెవులు ముగ్గురు ఆడవాళ్ళ దగ్గర, పెట్టె నాలుగో ఇంట్లో. పెట్టె తెరిచేది అందరి ఎదుట, మూసేది అందరి ఎదుట. ఆ పద్ధతి ఆఫ్రికా అంతా పాకింది. ఏడాదికోసారి ఉన్నదంతా, వచ్చిన వడ్డీతో సహా, పంచేసుకుంటారు. మర్నాడు సున్నా నుంచి మళ్ళీ మొదలు. మన డ్వాక్రా సంఘాలతో పోల్చి చూడండి. మన దగ్గర పొదుపు ఏళ్ళ తరబడి లోపలే ఉంటుంది. సంఘం ముఖ్యంగా బ్యాంకు అప్పుకు తలుపు. అప్పు దొరికినందుకు నాకు అభ్యంతరం లేదు. కానీ ఏడాదికోసారి సొంత డబ్బు మొత్తంగా ఒళ్ళో పడి, విత్తనాల వేళకు అందడంలో ఉన్న సుఖం మనం మన ఆడవాళ్ళకు ఇవ్వలేదు.

ఈ గుంపులను నేను ఆకాశానికెత్తడం లేదు. కోశాధికారి డబ్బుతో ఊరు విడిచిపోయిన చామాలున్నాయి. వారం వారం కట్టలేని నిరుపేదను ఎవరూ చేర్చుకోరు; వాళ్ళ ఇబ్బందికి గుంపు దగ్గర మందు లేదు. పోగయ్యే డబ్బూ కొట్టు రేకుకు సరిపోతుంది గాని, ఇల్లు కొనడానికి సరిపోదు.

ఇక ఫోను. 2005లో నైరోబీ, తికా ప్రాంతాల్లో వోడాఫోన్, సఫారికామ్ అనే ఫోను కంపెనీలు కలిసి ఒక చిన్న ప్రయోగం చేశాయి. మైక్రోఫైనాన్స్ అప్పుల వాయిదాలు ఫోనులో కట్టించాలన్నది ఉద్దేశం. జనం దాన్ని తీసుకుని ఒకరికొకరు డబ్బు పంపుకోవడం మొదలుపెట్టారు. కంపెనీవాళ్ళు ఆ సూచన అందుకున్నారు. 2007 మార్చిలో ఎం-పెసా వచ్చింది, "ఇంటికి డబ్బు పంపండి" అనే ప్రకటనతో. పెసా అంటే స్వాహిలీలో డబ్బు. మన పైసాయే వర్తకుల వెంట అక్కడికి చేరిందంటారు. దుకాణం 'డుకా' అయినట్టు. అంతకుముందు నగరంలో కూలి చేసుకునేవాడు ఊళ్ళో అమ్మకు డబ్బు పంపాలంటే బస్సు డ్రైవరు చేతికిచ్చి దేవుడికి దండం పెట్టుకోవాలి. ఇప్పుడు వీధి మొగలో పచ్చరంగు వేసిన గది, ఒక ఏజెంటు, ఒక రిజిస్టరు, ఒక మెసేజి.

దీనివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. విలియం జాక్, తవ్‌నీత్ సూరి అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి లెక్కలు తీశారు. జబ్బో పంట నష్టమో వచ్చినప్పుడు ఎం-పెసా లేని ఇళ్ళలో తిండీ ఖర్చూ 7 శాతం దాకా పడిపోతే, ఉన్న ఇళ్ళలో పడలేదు. దూరాన ఉన్నవాళ్ళు పంపగలిగారు, అందుకని. ఈ సదుపాయం 1,94,000 కుటుంబాలను పేదరికం గీత దాటించిందని 2016లో వాళ్ళు తేల్చారు. కానిరోజున ఔననడం ఫోనుకు బాగా వచ్చు. వోడాఫోన్ అదే పేరుతో 2013లో మన దేశంలోనూ మొదలుపెట్టింది, 2019లో మూసేసింది. మనకు యూపీఐ వచ్చింది. అది బ్యాంకు ఖాతాల మీద నడిచేది కనుక దాని కథ వేరు.

మామూలు రోజున కాదనడం మాత్రం ఫోనుకు రాదు. అసలు గొడవ అక్కడ మొదలైంది. 2012 నవంబరులో ఎం-శ్వారీ వచ్చింది. ఒక బ్యాంకుతో కలిసి ఫోనులోనే పొదుపు, ఫోనులోనే అప్పు. నెలకు 7.5 శాతం రుసుము. మన వాడుకలో చెప్పాలంటే ఏడున్నర రూపాయల వడ్డీ. గిరిగిరి వడ్డీల సంగతి తెలిసిన మనకు ఆ అంకె వినగానే ఒళ్ళు జలదరించాలి. 2019 జనవరిలో ఫులిజా వచ్చింది. ఖాతాలో డబ్బు చాలకపోయినా చెల్లింపు ఆగదు, తేడా అప్పుగా పడుతుంది. దాని వెంట అప్పుల యాప్‌లు గుంపులుగా దిగాయి. చిన్న మొత్తాలు ఎగ్గొట్టినవాళ్ళ పేర్లు లక్షల్లో క్రెడిట్ బ్యూరో జాబితాలకెక్కాయి. వెయ్యి షిల్లింగుల లోపు బాకీకి పేరెక్కించవద్దని కెన్యా కేంద్ర బ్యాంకు 2020 ఏప్రిల్లో ఆదేశించవలసి వచ్చింది. 2021 చివర చట్టం మార్చి, 2022లో డిజిటల్ అప్పులవాళ్ళకు లైసెన్సు తప్పనిసరి చేశారు.

ఇదంతా మనకు కొత్త కాదు. 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ వసూళ్ళ మీద ఆర్డినెన్సు తెచ్చింది ఎలాంటి వేధింపుల తర్వాతో ఈ సభలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 2020 డిసెంబరులో హైదరాబాదులో అప్పుల యాప్‌ల మీద కేసులు పెట్టింది ఎలాంటి ఆత్మహత్యల తర్వాతో చిన్నవాళ్ళకు కూడా తెలుసు. ఫోనులో ఉన్న బంధువులందరికీ మెసేజీలు పంపి పరువు తీసే పద్ధతి నైరోబీలో, హైదరాబాదులో అచ్చం ఒకటే.

కెన్యాలో జరిగే ఫిన్‌యాక్సెస్ సర్వేల నుంచి రెండు అంకెలు చెబుతాను, వీటిని పక్కపక్కన పెట్టి చూడండి. బ్యాంకో ఫోనో ఏదో ఒక అధికారిక సేవ వాడే పెద్దవాళ్ళు 2006లో 26.7 శాతం, 2021కి 83.7 శాతం. ప్రపంచంలో ఇంత వేగంగా జరిగినవి అరుదు. అదే సర్వే ఇంకొకటి కూడా కొలుస్తుంది: రోజులు గడుపుకోగలుగుతున్నారా, ఆపద వస్తే తట్టుకోగలరా, రేపటికి ఏమైనా పెట్టుకోగలుగుతున్నారా అని. ఈ మూడింటిలో బాగున్నవాళ్ళు 2016లో 39.4 శాతం, 2021లో 17.1. మధ్యలో కరోనా ఉంది, ధరలు ఉన్నాయి. నేరమంతా ఫోనుదని నేననను. కానీ ఖాతాలు లెక్కపెట్టి పేదల బతుకు బాగుపడిందని చెప్పే నివేదికలను ఇక నేను నమ్మను.

పశ్చిమ కెన్యాలో పాస్కలిన్ డ్యుపాస్, జొనాథన్ రాబిన్సన్ చేసిన ఒక ప్రయోగం ఉంది. జనానికి వాళ్ళిచ్చింది ఒక మామూలు డబ్బా, ఒక తాళం, ఒక చెవి. యాప్ లేదు, వడ్డీ లేదు. ఆరోగ్యం కోసం చేసే పొదుపు 66 శాతం పెరిగింది. కొందరికి మాత్రం ఇంకొక రకం పెట్టె ఇచ్చారు, చెవి వేరేవాళ్ళ దగ్గర ఉండేది. అనుకున్న మొత్తం చేరేదాకా అది తెరుచుకోదు. అది అంతగా అచ్చిరాలేదు. ఒంట్లో బాగోలేని రోజున కూడా తెరుచుకోదు కదా. మాస్టారి బీరువాకూ దానికీ తేడా అక్కడే. పెట్టెకు జ్వరం అంటే తెలియదు.

పరిశోధనకు గ్రాంటు కావాలని, ఆఫ్రికా వెళ్ళాలని నన్నడిగే విద్యార్థులకు ఒక మాట. మన ఊళ్ళో పదిళ్ళలో, పదిహేను రోజులకోసారి, ఏడాది పాటు, వచ్చిందీ పోయిందీ రాసిన పుస్తకం నాకింతవరకు ఒక్కటీ కనిపించలేదు. ఎవరి పేరూ బయటపెట్టకండి. సలహాలు చెప్పకండి. కూర్చుని, ఇచ్చిన టీ తాగి, రాసుకుని రండి. బయట బల్ల మీద గీతల నోటుపుస్తకాలు పన్నెండు పెట్టించాను. వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.